ఎనుముకు నీళ్ళు పెట్టారు... మీరు తాగారా?

పరీక్షలైపోయాయి. పిల్లలకు సెలవులు. బట్టలు సర్దుకొని అమ్మమ్మగారి ఊరికో, తాతగారి ఊరికో బయలుదేరే రోజులు. ఈ నెలలో నా దగ్గరకు వచ్చేవారిలో సగంమంది అడిగే ప్రశ్న ఒకటే: "డాక్టరుగారూ, పల్లెకు వెళుతున్నాం. ఏ మందులు దగ్గర పెట్టుకోమంటారు?"

మందుల పట్టీ రాసివ్వడం తేలికే. అంతకన్నా ముందు మిమ్మల్ని మా అక్కగారి చేనికి తీసుకువెళ్ళి ఒకసారి తిప్పి చూపించాలని వుంది. కణేకల్ దగ్గర. కాస్త ఎండలో నడవాల్సి వుంటుంది, తలమీద తువ్వాలు వేసుకోండి.

కణేకల్ అనంతపురం జిల్లాలో పడమటి కొసన, రాయదుర్గం వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా వుంది. సంతలో తెలుగూ కన్నడమూ కలిసే వినబడతాయి. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి ఎప్పటినుంచో పేరు. ఏడాది మొత్తంమీద 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు అవతలే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి చేతులు దులుపుకొని వస్తాయి. వేదవతి నదిని ఇక్కడివాళ్ళు హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో పారేది నీరు కాదు, గాలికి లేచే ఇసుక. ఆ ఇసుక కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో చేలమీద దిబ్బలు దిబ్బలుగా పడి వుంటుంది. చిత్రమేమిటంటే అదే మండలంలో తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పండుతుంది. కాని ఆ పచ్చదనం నీళ్ళు వదిలిన నెలల్లోనే. మే నెలలో కాలువలో మేకలు తిరుగుతుంటాయి.

మా అక్కవాళ్ళది కాలువ నీరందని మూడెకరాలు. ఒక బోరు. ఒక జత ఎద్దులు, ఒక ఎనుము, దాని దూడ, పద్నాలుగు గొర్రెలు, లెక్క తెలియని కోళ్ళు, ఒక కుక్క. ఎనుమంటే గేదె. కోస్తా పాఠకులు నవ్వకండి, మాట పాతది, మంచిది.

ఈ ఇంట్లో ఎండాకాలపు రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. అక్క చీకట్లోనే పాలు పితికి, పేడ తీసి, తొట్టి నింపుతుంది. బావ గొర్రెలను విప్పుతాడు. ఎనిమిదిన్నరకల్లా బయటిపని సగం ముగుస్తుంది. పదింటికి గొర్రెలు తిరుగుముఖం పడతాయి. పట్నంనుంచి వచ్చిన మనం అప్పుడు స్నానం చేసి, టిఫిను తిని, "ఇక చేనంతా చూద్దాం పదండి" అని బయలుదేరతాం. చెప్పులు వేసుకుంటుంటే కుక్క మనవైపు ఒకసారి జాలిగా చూసి, నీళ్ళకుండ పక్కన తడిమట్టిలో పొట్ట ఆనించి పడుకుంటుంది.

ఆ కుక్కను చూడండి. దానికి ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పి వేడిని బయటికి పంపుకుంటుంది. అందుకని వేడి పుట్టించే పని చెయ్యదు. కోళ్ళు రెక్కలు దూరంగా పెట్టి, ముక్కులు తెరుచుకొని నీడలో నిలబడతాయి. మధ్యాహ్నం గింజలు చల్లినా ముట్టవు, ఎందుకంటే తిన్నది అరిగేటప్పుడు కూడా వేడి పుడుతుంది. గొర్రెలు మరీ తెలివైనవి. చెట్టు లేనిచోట ఎండలో చిక్కితే గుంపుగా చేరి, ఒకదాని కడుపు కింద మరొకటి తల దూర్చి నిలబడతాయి. తల కాపాడుకుంటే మిగతా ఒళ్ళు ఎలాగో తట్టుకుంటుందని వాటికెవరు చెప్పారో! ఎనుముది నల్లటి తోలు, చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. నీటిగుంట దొరికితే దిగి కూచుంటుంది. దొరక్కపోతే మనమే రోజుకు మూడుసార్లు ఒళ్ళు తడపాలి. పాలిచ్చే ఎనుము ఈ రోజుల్లో అరవై, డెబ్భై లీటర్లు తాగుతుంది. ఒక్కపూట తొట్టి ఎండితే సాయంత్రం పాలచెంబు చెప్పేస్తుంది.

ఈ ఇంట్లో ఎండకు లొంగని ప్రాణి ఒక్కటే వుండేది. అది మా బావ.

ఆ సంగతికి వచ్చేముందు ఈ ఎండ స్వభావం చెప్పాలి. విజయవాడలో మే నెలలో నడిస్తే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది, మీకే తెలుస్తుంది ఎంత చెమట పట్టిందో. కణేకల్‌లో చొక్కా పొడిగా వుంటుంది. పొడిగాలి చెమటను పుట్టినచోటే తాగేస్తుంది. సాయంత్రం చొక్కా విప్పితే వీపుమీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. "నాకు చెమటే పట్టలేదు, నీళ్ళెందుకు?" అని కోస్తానుంచి వచ్చిన చుట్టాలు చాలామంది మోసపోయేది ఇక్కడే. ఎండలో గట్టిపని చేసే మనిషి గంటకు ఒక లీటరుకు పైగా చెమటగా పోగొట్టుకోవచ్చు. అయితే ఇదే పొడిగాలి మనకు మేలు కూడా చేస్తుంది. కుండలో నీళ్ళు ఇక్కడ చల్లబడినట్టు సముద్రపుటొడ్డున చల్లబడవు. తడిగుడ్డ ఒంటిమీద కప్పితే నిమిషాల్లో చల్లదనం తెలుస్తుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికి వస్తుంది.

2019 మే నెల. నేను మూడురోజుల సెలవుమీద అక్కవాళ్ళింట్లో వున్నాను. బావకు అప్పటికి అరవై నాలుగు. వానలు పడేలోగా కొట్టం కప్పు సరిచేయాలని పట్టుదల. పిలిచిన మనిషి రాలేదు. బావే నిచ్చెన వేసుకొని ఎక్కాడు. "దిగు బావా, సాయంత్రం చేద్దువు" అంటే, "యాడ తీరికప్పా, నీకేం, డాక్టరువి" అని నవ్వాడు. మధ్యలో రెండుసార్లు దిగాడు, ఎనుముకు నీళ్ళు పెట్టడానికి. రెండున్నర ప్రాంతంలో దిగి వచ్చి అరుగుమీద కూచున్నాడు. అక్కను చూసి, "కాలువకు నీళ్ళొచ్చినాయా?" అన్నాడు.

అక్క నవ్వింది. "మే నెలలో కాలువకు నీళ్ళేంది! ఎండకు మతి పోయినట్టుంది మీకు."

తమాషాకు అన్న మాటే నిజమైంది. నేను లోపలినుంచి వచ్చేసరికి బావ చేతిలో పలుపు పట్టుకొని, ఎద్దు లేని గుంజ దగ్గర ముడి వేయడానికి అవస్థ పడుతున్నాడు. ముడి పడటంలేదు. కాళ్ళు తూలుతున్నాయి. మెడమీద చెయ్యి వేస్తే పెనంమీద వేసినట్టుంది. చొక్కా తడిగానే వుంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని మనం చదువుకున్నాం, అందరూ అనుకుంటారు. ముసలివారు ఇంట్లో కూచునే వడదెబ్బకు లోనైతే ఒళ్ళు పొడిబారి వుండవచ్చు. పనిచేస్తూ పడినవారికి చెమట వుంటుంది. కాబట్టి చెమట చూసి ధైర్యం తెచ్చుకోకండి. మాట తేడా వచ్చిందా, నడక తేడా వచ్చిందా, అది చూడండి.

ఇంట్లో మంచుగడ్డలు లేవు. వున్నది ఎనుము తొట్టి. కానుగచెట్టు కింద, తొట్టి పక్కనే పడుకోబెట్టి, చొక్కా విప్పి, బకెట్లతో నీళ్ళు పోయడం మొదలుపెట్టాం. అక్క చీర తడిపి కప్పింది. పక్క చేని పిల్లవాడు చేటతో విసిరాడు. చుట్టూ జనం చేరారు. ఒక పెద్దాయన, "కాగే ఒంటిమీద చన్నీళ్ళు పోస్తే సన్నిపాతం వస్తుంది, ఆపండి" అన్నాడు. ఒకామె ఉల్లిపాయ కోసి తెచ్చింది. ఇంకొకామె మజ్జిగ చెంబు పట్టుకొని నోట్లో పోయబోయింది. అందరూ ప్రేమకొద్దీ చేసేవారే. వారిని కోప్పడితే లాభం లేదు. ఉల్లిపాయ ఆమెచేత బావ చేతిలో పెట్టించాను, ఆమె ఊరట కోసం. మజ్జిగ మాత్రం పోయనివ్వలేదు. తెలివి సరిగా లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నా సంచిలో థర్మామీటరు వుంది. చంకలో పెడితే ఇలాంటప్పుడు సరైన వేడి తెలియదు, మలద్వారంలో పెట్టి చూడాలి. 41 డిగ్రీలు దాటి వుంది. ఇరవై నిమిషాలు ఆపకుండా నీళ్ళు పోశాక 39కి దిగింది. అప్పుడు బావ కళ్ళు తెరిచి, ఎనుము తొట్టి ఖాళీ అయిపోయిందని గొణిగాడు. ఈలోగా 108 వచ్చింది.

ఆస్పత్రిలో తొమ్మిదిరోజులున్నాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కోలుకోవడానికి నెల పట్టింది. ఆ తొమ్మిదిరోజుల్లో అక్క నన్ను ఒకే ప్రశ్న అడిగింది: "అందరూ ఎండలో పనిచేస్తారు గదా తమ్ముడూ, ఈయనకే ఎందుకొచ్చింది?"

జవాబు నా దగ్గర వుంది, చెప్పడానికి నోరు రాలేదు. బావకు రక్తపు పోటు వుంది. రోజూ ఉదయం ఒక మాత్ర వేసుకుంటాడు. థయజైడు జాతి మాత్ర, ఒంట్లో నీటినీ ఉప్పునూ మూత్రంలో బయటికి పంపేది. మంచి మాత్రే. రాసింది నేనే. కాని ఎండాకాలం వస్తోంది, నెలకొకసారి పోటు చూపించుకో, అవసరమైతే మోతాదు మారుద్దాం అని ఒక్కమాట చెప్పలేదు. ఆ రోజు ఉదయం అయిదింటికి కాఫీతో ఆ మాత్ర వేసుకున్నాక ఆయన తాగింది, అక్క లెక్కపెట్టి చెప్పింది, ఒక చెంబు నీళ్ళు. ఎనుము తొట్టి రెండుసార్లు నింపాడు.

ఇది మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తప్పక వర్తిస్తుంది. అరవై దాటినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా నాలుక చెప్పదు. పోటుకు, గుండెకు, మనోవ్యాధులకు వాడే కొన్ని మాత్రలు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. భయపడి మాత్రలు మీ అంతట మీరు మానేయకండి, అది ఇంకో ప్రమాదం. మార్చి నెలలోనే ఆ చీటీ పట్టుకొని మీ డాక్టరు దగ్గరకు వెళ్ళి, "ఎండాకాలంలో వీటిలో ఏమైనా మార్చాలా?" అని అడగండి. ఆయన చెప్పకపోతే మీరడగండి. నాలాంటివాళ్ళు మరిచిపోతారు.

వడదెబ్బకు ముందు శరీరం హెచ్చరిస్తుంది. పిక్కలు పట్టేస్తాయి, తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, మూత్రం ముదురు పసుపురంగులో కొద్దికొద్దిగా రావడం. ఇక్కడే ఆగి, నీడకు చేరి, ఒళ్ళు తడుపుకొని, కొంచెం కొంచెంగా తాగితే గంటలో తేరుకుంటారు. మాట తడబడితే మాత్రం వడదెబ్బే అనుకొని, ముందు చల్లబరచండి, వెంటనే 108కి ఫోను చెయ్యండి. బండి వచ్చేదాకా నీళ్ళు పోయడం ఆపకండి. జ్వరం మాత్ర వేయకండి. అది జ్వరానికి పనిచేస్తుందిగాని వడదెబ్బ వేడికి పనిచేయదు.

ఏం తాగాలి? అక్క ఇంట్లో పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం సంగటిలోకో జొన్నరొట్టె తర్వాతో పలుచని మజ్జిగ. రాగిలో సున్నం ఎక్కువ, మజ్జిగలో ఉప్పు వుంది, రెండింటిలో నీరుంది. రంగునీళ్ళ సీసాలకన్నా ఇవి వెయ్యిరెట్లు మేలు. ఎక్కువ చెమట పట్టినా, విరేచనాలైనా లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, తలకట్టుగా కొలిచి కలపండి. టీచెంచా సుమా! ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. కొనేటట్టయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని అచ్చువేసిన ఓఆర్‌ఎస్ పొట్లం కొనండి, పళ్ళరసం డబ్బా కాదు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవారు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరునడిగి తాగాలి.

నీళ్ళంటే గుర్తొచ్చింది. అనంతపురం జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడు వుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా వుండాలి. మించితే పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు, పెద్దయ్యాక కీళ్ళు బిగుసుకుపోవడం. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే అక్క తాగడానికి, వంటకు కుళాయి నీళ్ళు మోసుకొస్తుంది. బోరునీళ్ళు తోటకు. పశువులకు కూడా అది మంచిది కాదుగాని, అన్ని నీళ్ళు మోయడం ఎవరి తరం?

ఇక తోట. పెద్దదేం కాదు, ఇంటి వెనుక పది మూరల జాగా. స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు పారే కాలువ వెంట మునగ, కరివేపాకు, నిమ్మచెట్టు. పందిరిమీద బీర, సొర. ఎండ పడమటినుంచి గోడను కాల్చకుండా పందిరిని అటువైపే వేసింది అక్క. మధ్యాహ్నం ఆ గోడ ముట్టుకొని చూడండి, ముందరి గోడకూ దానికీ తేడా మీ అరచేతికే తెలుస్తుంది. ఆ గోడకు ఇవతలే బావ మంచం. వంకాయ, మిరప మొక్కల మధ్య మెడదాకా పాతిన మట్టికుండలు వున్నాయి. కుండలో నీరు పోసి మూత పెడితే చెమర్చి వేళ్ళకు చేరుతుంది. మూత ఎందుకంటే దోమ గుడ్లు పెట్టకుండా. డెంగీ దోమకు ఇంత నీళ్ళు చాలు. పశువుల తొట్టిని కూడా వారానికొకసారి పూర్తిగా వంచి, పాచి తోమి, ఎండబెట్టాలి. తోటకు నీళ్ళు సూర్యుడు దిగాకే. మొక్కకూ మేలు, పోసేవాళ్ళకూ మేలు.

కానుగచెట్టు సంగతి చెప్పకుండా వుండలేను. ఎండలు మొదలయ్యేముందు ఆకు రాల్చి, సరిగ్గా మనకు నీడ కావలసిన ఏప్రిల్‌కు నిగనిగలాడే కొత్తాకు తొడుగుతుంది. మేకలు కూడా పెద్దగా ముట్టవు. ఇంటిముందు రంగురాళ్ళు పరిచి, కుండీలో తాటిమొక్క పెట్టుకునేవాళ్ళు ఒక కానుగ నాటుకుంటే ఎంత బాగుండును!

పిల్లలు పశువుల దగ్గర ఆడతారు, ఆడనివ్వండి. పచ్చిపాల నురుగు బలమని గ్లాసు పట్టి తాగించకండి, కాచి ఇవ్వండి. ఈచుకుపోయిన గొర్రె మావిని వట్టి చేతులతో ముట్టుకోనివ్వకండి. బ్రూసెల్లా అనే జ్వరం నెలల తరబడి వదలదు. ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుంచి నల్లటి నెత్తురు కారిన గొడ్డును కోయకూడదు, తినకూడదు. దొమ్మరోగం మనుషులకూ వస్తుంది. పశువుల డాక్టరుకు చెప్పి లోతుగా పూడ్పించాలి. కుక్క గీరినా సబ్బుతో పావుగంట కడిగి, అదేరోజు టీకాకు వెళ్ళాలి.

రాత్రి కణేకల్ మరో ఊరు. ఇసుక తొందరగా చల్లారుతుంది, గాలి వీస్తుంది, అందరం ఆరుబయటే. నేలమీద పడుకోకండి. కట్లపాము కాటు నిద్రలో తెలియదు, గాటు కనబడదు, తెల్లవారేసరికి కళ్ళు వాలిపోతాయి. మంచంమీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకొని పడుకుంటే దోమా రాదు, పామూ రాదు. చెప్పులు దులిపి వేసుకోండి. ఎర్రతేలు కుట్టిన పిల్లవాడికి ఒళ్ళు చల్లబడి చెమటలు పడితే మంత్రాలకు గంట పోగొట్టకండి. ఒకప్పుడు ఈ కాటుకు ప్రాణాలు పోయేవి. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో వైద్యం చేసే డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే రక్తపు పోటు మాత్రతో ఆ మరణాలను తగ్గించవచ్చని చూపాడు. పెద్ద ఆస్పత్రి కాదు, పెద్ద యంత్రం కాదు, చూసే కళ్ళు. త్వరగా చేరితే చాలు.

మందుల పట్టీ అడిగారు కదూ? ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, థర్మామీటరు, టార్చిలైటు, దోమతెర, సబ్బు, మీరు రోజూ వేసుకునే మాత్రలు వాటి చీటీతో సహా.

అక్క ఇంట్లో పాలలెక్క గోడమీద బొగ్గుగీతలతో వుంటుంది, పూటకు పోసిన పాలు ఎన్ని శేర్లయితే అన్ని గీతలు. 2019 తర్వాత దాని కింద రెండో వరుస మొదలైంది. బావ అరలీటరు చెంబు తాగినప్పుడల్లా ఒక గీత. ఎనుము తొట్టి నింపిన ప్రతిసారీ ముందు తాను తాగాలని అక్క చేసిన శాసనం. పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు చూశాను. పైవరుస పలచబడింది, ఎనుము వట్టిపోయే రోజులట. కిందివరుస రోజుకు ఎనిమిదికి తగ్గలేదు. అందులో కొన్ని దొంగగీతలని అక్క అనుమానం.